చదివిన అధ్యాయాల లెక్క తప్పడం లేదు, ప్రాణం మాత్రం సేదదీరడం లేదు

నిద్రలేని దీపం | సోమవారం, రాత్రి 11:52

అందరికీ వందనాలు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. సంఘంలో చెప్తే "ప్రార్థన చేస్తాం సిస్టర్" అంటారు, చేస్తారు కూడా. కానీ నాకు కావాల్సింది కాస్త మాట్లాడేవాళ్లు.

ఉద్యోగం, ఇద్దరు పిల్లలు (ఒకరికి ఆరేళ్లు, ఇంకొకరికి రెండు), మంచాన ఉన్న మామగారు. ఆదివారం సండే స్కూల్ పాఠం నాదే. ఆఫీసులో మూడు నెలలుగా ఇద్దరి పని నేనొక్కదాన్నే చేస్తున్నాను. ఇంత హడావిడిలోనూ వాక్యం మానలేదు. ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్లాన్ ఫోన్లో పెట్టుకున్నాను. నిన్నటికి 212 రోజులు, ఒక్క రోజు తప్పలేదు.

నిన్న రాత్రి కళ్లు మూతలు పడుతుంటే మూడు అధ్యాయాలు వేలితో పైకి తోసుకుంటూ వెళ్లి టిక్ పెట్టాను. పడుకున్నాక ఏం చదివానా అని తలుచుకుంటే ఒక్క మాట గుర్తు రాలేదు. ఏ పుస్తకమో కూడా తెలియలేదు. మళ్లీ తెరిచి చూస్తే యెషయా.

ఆదివారం ఆరాధనా అంతే. చేతులెత్తి పాడుతుంటాను, మనసులో మాత్రం సోమవారం పంపాల్సిన ఫైలు తిరుగుతుంటుంది. పిల్లలకు 23వ కీర్తన కంఠతా నేర్పిస్తున్నాను. "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు" అని చెప్పిస్తుంటే పోయిన వారం నా నోట్లోనే మాట ఆగిపోయింది. సేదదీరి ఎన్నాళ్లయిందో.

పని తగ్గించుకోమని చెప్పకండి. ఈ ఏడాది అది కుదరదు. ఉన్న పనిలోనే ఏమైనా దారి ఉంటే చెప్పండి.

---

తిన్నగా మాట్లాడతా | మంగళవారం, ఉదయం 5:20

సిస్టర్, నొచ్చుకోకండి. రోజంతా లోకానికి ఇచ్చి, మిగిలిన చివరి పది నిమిషాలు దేవునికి ఇస్తే ఇంతే అవుతుంది. మార్కు 1:35 చూడండి. ముందు రోజు సాయంత్రం ఊరంతా యేసు ప్రభువు వాకిట్లోనే ఉంది, రోగుల్ని బాగుచేస్తూ పొద్దుపోయింది. అయినా తెల్లవారకముందే లేచి ఏకాంతంగా వెళ్లి ప్రార్థించాడు. ఆయన కంటే మనకి ఎక్కువ పనులున్నాయా?

పదకొండున్నరకి చదివేది నాలుగున్నరకి చదవండి. ఫోన్లో వద్దు, పుస్తకం తెరవండి. నెల రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

---

రాత్రి డ్యూటీ | మంగళవారం, ఉదయం 9:05

బ్రదర్, రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో నాలుగున్నర అంటే ఏంటో మీకు తెలుసా? మూడింటికి పిల్ల లేచి ఏడ్చి, నాలుగింటికి పడుకునే టైమ్ అది.

నేను నర్సుని. పదమూడేళ్లుగా నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. "తెల్లవారుజామున లేచి ప్రభువును వెదకాలి" అన్న ప్రసంగం విన్న ప్రతిసారీ నేను రెండో తరగతి విశ్వాసినేమో అనిపించేది. తెల్లవారుజామున నేను లేవక్కర్లేదు. అప్పటికి రాత్రంతా నిలబడే ఉంటాను.

అలాంటి రోజుల్లో ఒకసారి 134వ కీర్తన కనబడింది. మూడే మూడు వచనాలు. యాత్ర కీర్తనల్లో చివరిది. "యెహోవా మందిరములో రాత్రి నిలుచుండువారలారా" అని పిలుస్తుంది. అంటే రాత్రి కాపలా ఉండే సేవకులు, రాత్రి డ్యూటీ వాళ్లు! వార్డు మధ్యలో నిలబడి నవ్వుకున్నాను. అప్పటినుంచి డ్యూటీ ఎక్కేముందు చేతులు కడుక్కుంటూ ఆ మూడు వచనాలూ చెప్పుకుంటాను. నా క్వైట్ టైమ్ (రోజూ ఒంటరిగా వాక్యానికీ ప్రార్థనకీ పెట్టుకునే వేళ) అంటే చాలా రోజులు అంతే. సబ్బు నురగ పోయేలోపు అయిపోతుంది.

దీపం సిస్టర్‌కి ఒక మాట. 1 రాజులు 19 తీసి ఏలీయా ప్రవక్త కథ నిదానంగా చదవండి. కర్మెలు కొండమీద అంత గొప్ప కార్యం జరిగాక అతను పారిపోయి బదరీ చెట్టుకింద పడిపోయి చచ్చిపోతానన్నాడు. దూత వచ్చి ఏం చేశాడు? "ఎందుకు ప్రార్థన మానేశావు" అనలేదు. తట్టి లేపి తినమన్నాడు. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించింది అన్నాడు. హోరేబు కొండ, ఆ నిమ్మళమైన స్వరం, అవన్నీ నలభై రోజుల తర్వాత సంగతి. ముందు జరిగింది నిద్ర, తిండి, మళ్లీ నిద్ర.

ఈ రాత్రి ఆ మూడు అధ్యాయాలు వదిలేసి పడుకోండి. పాపం కాదు.

---

అక్షరాల పిచ్చి | మంగళవారం, మధ్యాహ్నం 1:34

నాకు హీబ్రూ కొంచెం వచ్చు. కొంచెమే వచ్చినవాళ్లు ఎక్కువ మాట్లాడతారని మా ఇంట్లో అంటారు, భరించండి.

23వ కీర్తనలో "సేదదీర్చుచున్నాడు" అన్నచోట మూలంలో ఉన్న క్రియకి "వెనక్కి తిప్పి తెచ్చు" అని అర్థం. అంటే నా ప్రాణం ఎక్కడికో పోయింది, ఆయన దాన్ని తిరిగి తెస్తాడు. కీర్తనంతా గొర్రెలు, కాపరి కదా. తప్పిపోయినదాన్ని మళ్లించుకొచ్చే మాట అది. తెచ్చేది కాపరి. గొర్రె చేసే పని అందులో ఏమీ లేదు.

ఇంకోటి నాకు మరీ ఇష్టం. నిర్గమకాండము 31:17లో దేవుడు ఏడో రోజున పని మాని విశ్రమించాడని చదువుతాం కదా. అక్కడ పక్కపక్కనే రెండు క్రియలున్నాయి. మొదటిది "ఆపాడు". రెండోది "నెఫెష్" అనే మాటనుంచి పుట్టింది. నెఫెష్ అంటే ప్రాణం, ఊపిరి, గొంతు కూడా. కాబట్టి ఆ రెండో క్రియని "ఊపిరి పీల్చుకున్నాడు" అనుకోవచ్చు. పాత నిబంధన మొత్తంలో ఆ క్రియ మూడే చోట్ల వస్తుంది. ఒకటి ఇది. ఇంకోటి 2 సమూయేలు 16:14, కొడుకు అబ్షాలోము తరుముతుంటే దావీదు, అతని మనుషులు నడిచి నడిచి అలసిపోయి ఒకచోట ఆగి తేరుకున్నప్పుడు. మూడోది నిర్గమకాండము 23:12. అక్కడ ఊపిరి పీల్చుకోవలసినవాళ్లు ఎవరు? దాసి కొడుకు, పరదేశి. ఇంట్లో అందరికంటే కిందున్నవాళ్లు.

దేవుడికీ, పరారీలో ఉన్న రాజుకీ, దాసి కొడుక్కీ ఒకే మాట వాడారు. ఎప్పుడు చదివినా ఇక్కడ ఆగిపోతాను.

ఆగిపోవడం అంటే గుర్తొచ్చింది. మొదటి కీర్తనలో "ధ్యానించువాడు" అనే మాట ఉంది చూడండి, అది కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం కాదు. గొణుక్కోవడం. యెషయా 31:4లో సింహం తన వేటమీద గుర్రుమంటుంది, అక్కడా ఇదే క్రియ. దొరికిన ముక్కని కాళ్లకింద పెట్టుకుని వదలకుండా గుర్రుమంటూ కొరుక్కుంటుంది. మూడు అధ్యాయాలు వేలితో తోసేయడానికి ఇది పూర్తిగా తలకిందులు. ఒక్క వచనం, నోటితో, పైకి వినబడేలా, రోజంతా.

---

సౌండ్ పెట్టె | మంగళవారం, రాత్రి 10:18

వాక్యం గురించి పెద్దవాళ్లు చెప్తున్నారు. నేను ఆరాధన గురించి చెప్తాను. ఎందుకంటే ఆ జబ్బు నాకూ వచ్చింది.

నేను మా సంఘంలో సౌండ్ చూస్తాను. నాలుగేళ్లు ఒక్క ఆదివారం మానలేదు. ఆ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఆరాధించానంటే జవాబు చెప్పడానికి సిగ్గేస్తుంది. పాట మొదలైతే నాకు పాట వినబడదు. రెండో మైకులో గరగర వినబడుతుంది, కీబోర్డు ఎక్కువైనట్టు వినబడుతుంది. పాస్టర్ గారు కన్నీళ్లతో ప్రార్థిస్తుంటే బ్యాటరీ ఎంతుందా అని చూస్తుంటాను. అందరూ "బ్రదర్ ఎంత నమ్మకంగా సేవ చేస్తున్నాడో" అంటారు. లోపల ఎండిపోయిన చెరువు.

అక్కా, మీరు సండే స్కూల్ చెప్తానన్నారు కదా. మీ సంగతీ ఇదే కావచ్చు. మందిరానికి వెళ్తున్నారు, ఆరాధనకి వెళ్లడం లేదు. మీరు పాఠం చెప్పేసి వచ్చేసరికి ఇక్కడ పాటలు అయిపోయుంటాయి. అవునా?

నేను చేసిందల్లా ఒకటే. పాస్టర్ గారిని అడిగి నెలలో ఒక ఆదివారం సెలవు తీసుకున్నాను. ఆ రోజు సౌండ్ పెట్టెకి వీపు పెట్టి కూర్చుంటాను. మొదటి నెల నరకం. మైకు కూసినప్పుడల్లా లేచి పరిగెత్తాలనిపించింది. పక్కన ఒక ముసలామె శ్రుతి లేకుండా, తాళం తప్పి, గట్టిగా పాడుతోంది. నాలుగేళ్లలో మొదటిసారి పాట పదాలు విన్నాను. ఆమె నోటినుంచి.

---

నిద్రలేని దీపం | మంగళవారం, రాత్రి 11:30

తమ్ముడూ, అవును. పాటలు అయిపోయే ఉంటాయి. ఐదేళ్లుగా నేను మొదటి పాట విన్నది క్రిస్మస్‌కే. ఇది మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు.

నర్సు అక్కా, మీ పోస్టు చదివి ఏడ్చాను. కానీ ప్లాన్ వదలడానికి చేయి రావడం లేదు. ఇప్పుడే చదివేసి వచ్చాను. 214. నవ్వకండి.

---

కీర్తన 131 | బుధవారం, ఉదయం 6:45

నవ్వనమ్మా. నేనూ ఆ లెక్కలు రాసుకున్నవాణ్నే. మా కాలంలో ఫోన్లు లేవు, బైబిల్ వెనకపేజీలో పెన్సిలుతో గీతలు పెట్టేవాణ్ని. పాఠాలు చెప్పి రిటైరైన ముసలివాణ్ని, నిదానంగా చెప్తాను.

బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదికి పంచితే రోజుకు మూడింటికి కాస్త ఎక్కువ. ఈ లెక్క మనిషి వేసుకున్నది. వేసుకోవడం తప్పని కాదు. ఇలాంటి ప్లాన్లలో బాగా పేరున్నది రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే స్కాట్లండ్ పాస్టరు తన సంఘం కోసం 1842లో తయారుచేసింది. పాత నిబంధన ఏడాదికొకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. ఈనాటికీ ఎందరో వాడుతున్నారు. అయితే ఆయన ఆ పట్టికతో పాటే దానివల్ల వచ్చే ప్రమాదాలనూ రాసిపెట్టాడు. అది ఆచారంలా మారిపోవచ్చు. చదివేశానన్న గొప్ప పట్టుకోవచ్చు. మనసు పెట్టకుండా చదివేయవచ్చు. మోయలేని కాడి కావచ్చు. పట్టిక చేసినాయనే నాలుగు ముక్కల్లో నీ ఉత్తరం రాసిపెట్టాడమ్మా. మరుసటి ఏడాదే, 29 ఏళ్లకే, కన్నుమూశాడు.

ఇంకో సంగతి. ప్రతి విశ్వాసీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదువుకోవడం అనేది, సొంతానికి పుస్తకం ఉన్న కాలంలో వచ్చిన అలవాటు. అచ్చుయంత్రం రాకముందు ఎవరి దగ్గరుంది బైబిల్? ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మూడో వచనంలో చదివేవాడు ఒకడు, వినేవారు అనేకులు. పౌలు పత్రికలు సంఘంలో పైకి చదివి వినిపించినవే. మన ముందుతరాల విశ్వాసుల్లో ఎక్కువమంది చదివినవాళ్లు కారు, విన్నవాళ్లు. కాబట్టి నీకు కళ్లు మూతపడుతుంటే చెవులు వాడుకో. మార్కు సువార్త మొత్తం పైకి చదివితే గంటన్నర పడుతుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక పావుగంట. ఆఫీసుకి పోయి వచ్చేలోపు అయిపోతుంది.

నా భార్యకి చూపు పోయి ఆరేళ్లయింది. రోజూ సాయంత్రం నేను చదువుతాను, ఆమె వింటుంది. ఒకప్పుడు నాకు అది ఆమె కోసం చేసే పని. ఇప్పుడు, ఆమె "ఆగండి, ఆ మాట మళ్లీ చదవండి" అన్నచోటే నాకు ఏదో దొరుకుతోంది. పేజీ తిప్పడానికి నాకెప్పుడూ తొందరే. ఆమెకు తొందర లేదు.

నా పేరు ఎందుకలా పెట్టుకున్నానో తీరిక దొరికినప్పుడు తీసి చూడు. మూడు వచనాలే. పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నాలో ఉంది అంటాడు. పాలు మానని బిడ్డయితే తల్లి ఒళ్లోకి రాగానే వెతుక్కుంటుంది, ఏడుస్తుంది. పాలు మానిన బిడ్డకి తల్లినుంచి ఏమీ అక్కర్లేదు, ఊరికే ఒళ్లో ఉంటుంది.

---

తిన్నగా మాట్లాడతా | బుధవారం, మధ్యాహ్నం 12:10

రాత్రి డ్యూటీ సిస్టర్ చెప్పింది నిజమే. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాలుగున్నరకి లేచింది నేను. పిల్లల్ని చూసుకున్నది నా భార్య. ఆమె ఎప్పుడు చదువుకునేదో నేను ఏనాడూ అడగలేదు. నిన్న రాత్రి అడిగాను. "చదివేదాన్ని కాదు, మీరు పైకి ప్రార్థన చేస్తుంటే వినేదాన్ని" అంది. ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

అయినా ఒక మాట మాత్రం వెనక్కి తీసుకోను. "ఏమీ అనిపించకపోతే మానేయండి" అనే దారి ప్రమాదం. నాకు ఏమీ అనిపించని నెలలు చాలా ఉన్నాయి. బావి తవ్వేటప్పుడు మొదట వచ్చేది మట్టే. మట్టి వస్తోందని తవ్వడం ఆపితే నీళ్లెప్పుడు పడతాయి? తక్కువ చదవండి, సరే. విని చదవండి, సరే. రోజూ ఒక వేళ మాత్రం పెట్టుకోండి. తీరిక దొరికినప్పుడు చేద్దాం అనుకున్న పని ఏదైనా మనం చేశామా?

---

అక్షరాల పిచ్చి | బుధవారం, మధ్యాహ్నం 12:41

ఇది ఒప్పుకుంటాను. 119వ కీర్తన రాసినాయన హీబ్రూలో ఉన్న 22 అక్షరాలకి అక్షరానికి ఎనిమిదేసి వచనాలు లెక్కపెట్టి 176 రాశాడు. వాక్యం మీద ప్రేమ పొంగితే పొంగినట్టు రాయలేదు, గళ్లు గీసుకుని రాశాడు. క్రమం, ప్రేమ రెండూ ఒకచోట ఉండగలవు.

---

ఊరకే చదువుతా | బుధవారం, రాత్రి 9:55

మొదటిసారి రాస్తున్నాను. నాకు వాక్యంలోనే కాదు, దేనిలోనూ ఏమీ అనిపించడం లేదు. పాటలు, పిల్లలు, స్నేహితులు, ఏదీ. ఇదీ ఆత్మీయంగా ఎండిపోవడమేనా? ఆరేడు నెలలైంది. ఉపవాసం ఉండి చూశాను.

---

రాత్రి డ్యూటీ | బుధవారం, రాత్రి 10:20

ఊరకే చదువుతా గారూ, రాసినందుకు థాంక్స్. మీరు చెప్పింది కాస్త వేరు. వాక్యం ఒక్కటే చప్పగా ఉండడం ఒకటి, ఇష్టమైనవన్నీ నెలల తరబడి చప్పగా అయిపోవడం ఇంకొకటి. రెండోది చాలాసార్లు డిప్రెషన్. ఒక్కోసారి థైరాయిడ్, రక్తం తక్కువ కావడం లాంటివి కూడా. ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉపవాసాలు ఇప్పుడు వద్దు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే వారం దాకా కూడా ఆగొద్దు, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే.

ప్రార్థించడానికి మాట రాకపోతే 88వ కీర్తన ఉంది. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. అది మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో చోటు సంపాదించుకుంది. మీకు వేరుగా మెసేజ్ పెడుతున్నాను, చూడండి.

---

నిర్వాహకులు | బుధవారం, రాత్రి 10:48

ఊరకే చదువుతా గారికి మేమూ రాశాం. ఆ విషయం మీద ఇక్కడ సలహాలు పెంచకుండా చర్చని మొదటి ప్రశ్న మీదే కొనసాగించండి.

---

సౌండ్ పెట్టె | గురువారం, రాత్రి 8:02

మార్కు సువార్త విని చదవమన్నారు కదా అని ఈరోజు బస్సులో విన్నాను. ఆరో అధ్యాయంలో ఒకటి దొరికింది. శిష్యులకి తినడానికి కూడా టైమ్ లేదు, "ఏకాంతంగా రండి, కొంచెం సేపు అలసట తీర్చుకోండి" అని ప్రభువు పిలుస్తాడు. ఈ వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. కానీ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. దోనె ఎక్కి వెళ్తారు. జనం కాలినడకన వాళ్లకంటే ముందు పరిగెత్తుకుని అక్కడికి చేరతారు. రిట్రీట్ క్యాన్సిల్! ఆయన కనికరపడి బోధించడం మొదలుపెడతాడు. సాయంత్రం ఐదువేల మందికి వడ్డించే పని శిష్యుల నెత్తిన పడుతుంది. అంటే విశ్రాంతికని వెళ్లి ఓవర్‌టైమ్ చేశారు.

ఆయన కొండకి వెళ్లి ప్రార్థించింది అదంతా అయ్యాక, రాత్రికి.

దేవుడి కొడుకు వేసిన సెలవు ప్లానే చెడిపోయింది. నాది చెడిపోతే ఇంకెప్పుడూ నన్ను నేను తిట్టుకోను.

---

కీర్తన 131 | గురువారం, రాత్రి 8:30

బాబూ, భలే పట్టావు. ఇంకో వరస కూడా చూడు. జనాన్ని చూసి ఆయన విసుక్కోలేదు. కాపరిలేని గొర్రెల్లా ఉన్నారని కనికరపడ్డాడు. ఆ తర్వాత వాళ్లని పచ్చికమీద కూర్చోబెట్టమన్నాడు. పచ్చిక అని మార్కు ప్రత్యేకంగా రాశాడు. కాపరి, పచ్చిక, ఆకలి తీరడం. మనం మొదలుపెట్టిన కీర్తన దగ్గరికే వచ్చాం.

---

రాత్రి డ్యూటీ | శుక్రవారం, ఉదయం 8:50

మార్త గురించి (ప్రభువు ఇంటికి వస్తే చెల్లెలు ఆయన మాటలు వింటుంటే తాను పనుల్లో మునిగిపోయిన ఆవిడ, లూకా 10) ఎవరైనా మొదలుపెడతారేమో అని చూస్తున్నాను. ఎవరూ ఎత్తలేదు, దేవునికి స్తోత్రం. పని చేసే ఆడవాళ్లని గదమాయించడానికి ఆ కథని వాడని కూడిక నేను చూడలేదు. ప్రభువు అన్నది పని చేయొద్దని కాదు, అనేకమైన పనుల గురించి తొందరపడుతున్నావు అని. యోహాను 12లో మార్త మళ్లీ వడ్డిస్తోంది. అక్కడ ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. "నీవు క్రీస్తువని నమ్ముచున్నాను" అని యోహాను 11లో సోదరుణ్ని పోగొట్టుకున్న దుఃఖంలో చెప్పింది కూడా ఆమే. ఊరికే చెప్తున్నా, నైట్ డ్యూటీ దిగాను, నిద్ర రావడం లేదు.

---

నిద్రలేని దీపం | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:15

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. మామగారికి బాగాలేక ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు ఇంటికి తెచ్చాం.

ప్లాన్ సంగతి. నేను వదల్లేదు, అదే తెగిపోయింది. ఆసుపత్రిలో రెండో రాత్రి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. 219 దగ్గర ఆగింది. పొద్దున ఫోన్ పెట్టగానే "1వ రోజు" అని చూపించింది. దాన్ని చూసి ఏడుస్తానేమో అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. యాప్ తీసేశాను.

ఆ రాత్రి ఫోన్ లేదు, పుస్తకం లేదు, మామగారికి నిద్ర లేదు. "ఏదైనా చెప్పమ్మా" అన్నారు. నాకు వెంటనే వచ్చింది పిల్లలకు నేర్పిస్తున్నదే. 23వ కీర్తన చెప్పాను. ఆయన "మళ్లీ" అన్నారు. అలా ఎన్నిసార్లు చెప్పానో. నాలుగైదుసార్లయ్యాక నా నోరు దానంతటది చెప్తోంది, నేను వింటున్నాను. "నీవు నాకు తోడైయుందువు" దగ్గర ఒక సంగతి తట్టింది. అప్పటిదాకా "ఆయన" అని చెప్తూ వచ్చిన మనిషి, గాఢాంధకారపు లోయలోకి దిగాక "నీవు" అంటున్నాడు. ఇన్నేళ్లుగా నేర్పిస్తున్నాను, ఎప్పుడూ చూడలేదు.

సేదదీరానా అంటే, ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు, ఆఫీసులో రెండొందల మెయిళ్లు. కానీ ఆ రాత్రి తర్వాత నాలో ఏదో తిరిగొచ్చింది. అక్షరాల పిచ్చి గారు చెప్పిన ఆ "తిప్పి తెచ్చు"నేమో.

ఇప్పుడు చేస్తున్నది: ఒక వారానికి ఒక కీర్తన, అంతే. పొద్దున పిల్లలకి జడలు వేసేటప్పుడు పైకి చెప్తాను. పెద్దది తప్పులు దిద్దుతుంది. తిన్నగా మాట్లాడతా గారూ, అదే నా వేళ. నాలుగున్నర కాదు, ఏడు ఇరవై.

సండే స్కూల్‌కి ఇంకో టీచర్ దొరికారు, నెలకి రెండు వారాలు చూస్తానన్నారు. ఈరోజు ఐదేళ్ల తర్వాత మొదటి పాటకి మందిరంలో ఉన్నాను. రెండో పాటకి చిన్నది ఒళ్లో నిద్రపోయింది. మూడో పాటకి నేనూ నిద్రపోయాను. లేచేసరికి ప్రసంగం సగం అయిపోయింది, ఎవరో నా మీద చున్నీ కప్పారు. ఎవరో తెలియదు.

---

సౌండ్ పెట్టె | ఆదివారం, సాయంత్రం 4:40

అక్కా 😀 ఈసారి మా సంఘానికి రండి, మీ వైపు స్పీకర్ తగ్గించి పెడతాను.

---

తిన్నగా మాట్లాడతా | ఆదివారం, రాత్రి 7:15

ఏడు ఇరవై బాగుంది సిస్టర్. మామగారి కోసం ప్రార్థిస్తున్నాం, నేనూ నా భార్యా. ఈ మధ్య కలిసి పైకి చదువుతున్నాం. ఆమె చదువుతోంది, నేను వింటున్నాను.

---

ఊరకే చదువుతా | ఆదివారం, రాత్రి 9:30

డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందులు మొదలుపెట్టి పద్దెనిమిది రోజులు. పెద్ద తేడా ఇంకా లేదు, నిద్ర మాత్రం పడుతోంది. దీపం సిస్టర్, వచ్చే వారం మీరు చెప్పే కీర్తన ఏదో ముందే రాస్తారా? నేనూ అదే చెప్పుకుంటాను.

---

నిద్రలేని దీపం | ఆదివారం, రాత్రి 9:34

134. మూడే వచనాలు. నర్సు అక్క డ్యూటీ ఎక్కే టైమ్ అవుతోంది, ఆమెతో పాటు మొదలుపెడదాం.